అప్‌డేట్: పోస్టర్ ప్రైజులకి మార్కులు ఎలా వేయాలని అడిగాను కదా

అందరికీ థాంక్స్ అండీ. గుర్తులేనివాళ్లకి, మా డిపార్ట్‌మెంట్ కాన్ఫరెన్స్‌లో స్టూడెంట్ పోస్టర్ల (తమ రీసెర్చ్‌ని ఒక పెద్ద షీట్ మీద చూపించేవి) జడ్జింగ్ నాకు అప్పగించారు, జడ్జిల సొంత స్టూడెంట్సే పోటీలో ఉన్నారు ఏం చేయాలి అని అడిగాను.

మీరు చెప్పినట్టే గైడ్ గానీ కో-ఆథర్ గానీ ఆ పోస్టర్ చూడకుండా, మిగతావి లాటరీ తీసి పంచేశాం, ఒక్కో పోస్టర్‌కి ముగ్గురు జడ్జిలు. ఒక సీనియర్ సర్ మొహం ముడుచుకున్నారు, ముడుచుకోనీ.

అసలు తలనొప్పి మార్కుల దగ్గర. ఒక మేడమ్ అందరికీ 10కి 8, 9 వేసేశారు, ఇంకో సర్ చెయ్యి 6 దాటదు, మరి ఆయనకి పడ్డ పిల్లలు ఏం పాపం చేశారు? అందుకే మార్కులు కూడకుండా ప్రతి జడ్జి తను చూసినవాటిల్లో ఎవరిని ఎన్నో స్థానంలో పెట్టారో తీసి ఆ ర్యాంకుల సగటు వేశాం. ఫస్ట్ ప్రైజ్ మారిపోయింది! మార్కులు కూడి ఉంటే ఓ మెరిసే ఫ్లెక్స్‌కి వెళ్లేది, అందులో సగం ఇంట్రడక్షనే. గెలిచిన అమ్మాయిది సాదా పోస్టరే గానీ "కంట్రోల్ ఏదమ్మా" (అంటే ఫలితాన్ని దేనితో పోల్చావు) అనగానే గ్రాఫ్ మీద వేలు పెట్టి ఎర్రర్ బార్లు (కొలత ఎంత అటూఇటూ కావచ్చో చూపే గీతలు) అంత పొడుగ్గా ఎందుకున్నాయో కూడా చెప్పింది.

త్రీ మినిట్ థీసిస్ పెట్టమన్నారు కదా ఎవరో, అదే రీసెర్చ్ స్టూడెంట్స్ తమ పనిని క్లుప్తంగా చెప్పే పోటీ, 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో మొదలైంది, ఒకే స్లైడ్, 3 నిమిషాలు దాటితే అవుట్. మా హెడ్ టైమ్ లేదన్నారు, వచ్చే ఏడాది మళ్లీ అడుగుతా.

స్కోర్ షీట్ కావాలంటే చెప్పండి, పెడతా.