బాగా నేర్చుకున్న పప్పీ మళ్లీ ఇంట్లోనే పాస్ పోస్తోంది, ఎక్కడ తేడా కొట్టింది?

బుజ్జితోక (ప్రశ్న)

ఆడ షిట్జు (చిన్న జాతి కుక్క), ఐదో నెల నడుస్తోంది, బరువు 3 కిలోలు. బయటే పాస్ పోయాలని నేర్చేసుకుంది, కొన్ని వారాలు ఇల్లు పొడిగానే ఉంది. ఇప్పుడు మళ్లీ మొదటికొచ్చింది. మీరు ఒక్కొక్కటీ అడిగే పని లేకుండా వివరాలన్నీ రాసేస్తున్నాను.

బయటికి తీసుకెళ్తే పావుగంట గడ్డి వాసన చూస్తూ తిరుగుతుంది, కాస్త పోస్తుంది. లోపలికొచ్చిన రెండు నిమిషాలకే బాత్రూమ్ ముందున్న మ్యాట్ మీద మళ్లీ పోస్తుంది. పాటీ (మలవిసర్జన) మాత్రం బయటే. రాత్రి క్రేట్‌లో (అది పడుకునే జాలీ పెట్టెలో) ఎప్పుడూ తడపలేదు. తెచ్చిన కొత్తలో పీ ప్యాడ్ (మూత్రం పీల్చుకునే మెత్తటి షీట్) వాడాం, బయట అలవాటయ్యాక తీసేశాం. ఇక పాడుచేయదులే అని ఈమధ్య పడగ్గదుల తలుపులు కూడా తెరిచిపెడుతున్నాం. తుడిచేది ఫినాయిల్‌తో. ఇంట్లో పెద్దవాళ్లు మ్యాట్ దగ్గరికి లాక్కెళ్లి చూపించి గద్దిస్తున్నారు. దాంతో ఇప్పుడు సోఫా వెనక్కి పోయి పోస్తోంది.

ఇది ఒంట్లో బాగోలేకా, మొండితనమా? ప్యాడ్ మళ్లీ పెట్టాలా? పగలు క్రేట్‌లో ఎంతసేపు ఉంచొచ్చు?

నాలుగుకాళ్లు (జవాబు)

మొండితనం సంగతి వదిలేయండి, కుక్కలకి అంత పగ ఉండదు. ముందు ఒంట్లో సంగతి తేల్చుకోండి. అది తేలకుండా ఎంత ట్రైనింగ్ ఇచ్చినా దండగే.

రాత్రంతా ఆపుకుంటోందంటే మంచి సూచనే. ఇన్ఫెక్షన్ ఉన్న పిల్ల చాలావరకు రాత్రి కూడా లేచి గోల చేస్తుంది, లేదా పక్క తడుపుతుంది. అయినా ఆడ కుక్కపిల్లల్లో మూత్రనాళం పొట్టిది కాబట్టి ఇన్ఫెక్షన్ తేలిగ్గా ఎక్కుతుంది, ఓ కన్నేసి ఉంచాలి. అస్తమానం కూర్చోవడం, కూర్చున్నా నాలుగు చుక్కలే రావడం, ముక్కడం, అక్కడ ఎక్కువగా నాక్కోవడం, మూత్రం ఘాటుగా వాసన రావడం. వీటిలో ఏది కనిపించినా వెట్ (పశువైద్యుడు) దగ్గరికి వెళ్లండి. రక్తం కనిపించినా, ఎంత ముక్కినా ఒక్క చుక్క రాకపోయినా ఆ రోజే వెళ్లాలి. నిద్రలో తనకి తెలియకుండానే కారుతుంటే అది వేరే సమస్య. పుట్టుకతోనే మూత్రవాహిక (కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే గొట్టం) తప్పుచోట కలిసి ఉండొచ్చు, దానికి స్కాన్ కావాలి.

శాంపిల్ మీరే పట్టుకెళ్తే పని తొందరగా అవుతుంది. ఇంత పొట్టి కాళ్ల కుక్క కింద గిన్నె పట్టదు. పల్చటి ప్లేటో, పొడుగు కాడ గరిటో శుభ్రంగా కడిగి ఆరబెట్టి సిద్ధంగా ఉంచుకోండి. కూర్చోగానే పెడితే ఉలిక్కిపడి లేచిపోతుంది. ధార మొదలయ్యాక వెనకవైపు నుంచి మెల్లగా జరపండి. పొద్దున లేవగానే పోసేది పట్టండి, ఒకటి రెండు చెంచాలు చాలు. గంటా రెండు గంటల్లో ఇచ్చేయాలి, ఆలస్యమయ్యేట్టుంటే మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.

ఒక రోజు నీళ్లు కూడా కొలవండి. పొద్దున కొలిచి పోయండి, మళ్లీ పోసినప్పుడల్లా రాసుకోండి, మర్నాడు అదే టైమ్‌కి గిన్నెలో మిగిలింది ఆ మొత్తంలోంచి తీసేసి లెక్కవేయండి. కిలో బరువుకి రోజుకి 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే మీ పిల్లకి 300 దాటితే, వెట్‌కి ఆ అంకె చెప్పండి.

పాస్ తగ్గుతుందని నీళ్లు దాచేయొద్దు. పడుకునే గంట ముందు గిన్నె తీస్తే చాలు. తిండి పూటలు అసలే తగ్గించకండి. ఇంత చిన్న పిల్లలు ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి వణుకుతాయి, తూలుతాయి, వేలాడిపోతాయి.

క్రేట్ కబుర్లు (జవాబు)

వెట్ ఏమీ లేదంటే మిగిలింది ఇదీ: పొడిగా ఉన్న ఆ కొన్ని వారాలు అది నేర్చేసుకోలేదు, మీరు దాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. పడగ్గదులు తెరిచినప్పటి నుంచి కళ్లు తప్పాయి. చిన్న జాతులతో వచ్చే చిక్కే ఇది. అవి పోసేది రెండు మూడు చెంచాలు, కర్టెన్ వెనకో మంచం కిందో ఆరిపోతే ఎవరికీ తెలియదు. మీకు తెలియకుండా పోసిన ప్రతిసారీ దానికి అక్కడ అలవాటు గట్టిపడుతుంది. పెద్ద కుక్క పోస్తే హాలంతా మడుగు, ఆ క్షణమే అందరూ పరిగెడతారు.

కనుక మళ్లీ మొదటి రోజుల పద్ధతికి వెళ్లండి. పడగ్గదులు బంద్. మెలకువగా ఉన్నంతసేపు ఒకటిన్నర, రెండు మీటర్ల లీష్ (కుక్కని పట్టుకునే తాడు) మీ నడుముకి కట్టుకోండి, లేదా క్రేట్‌లో, లేదా ప్లేపెన్‌లో (చుట్టూ కంచె ఉన్న చిన్న ఆవరణలో) ఉంచండి. అప్పుడు సోఫా వెనక్కి వెళ్లే అవకాశమే ఉండదు.

రాత్రి ఆపుకునేది పగలెందుకు ఆపుకోదని చాలామంది తికమకపడతారు. నిద్రలో మూత్రం తయారవడం తగ్గుతుంది. మెలకువలో తాగుతూ, ఎగురుతూ ఉంటే గంటకే నిండిపోతుంది. నెలల వయసుకి ఒకటి కలిపితే అన్ని గంటలు ఆపుకుంటుందనే లెక్క ఒకటి తిరుగుతూ ఉంటుంది. అది గరిష్ఠం, అదీ కదలకుండా పడుకుంటే. 3 కిలోల పిల్లని పగలు ఏకబిగిన రెండు, మహా అయితే మూడు గంటలకి మించి క్రేట్‌లో ఉంచొద్దు. మెలకువలో ప్రస్తుతానికి గంటకోసారి బయటికి తీయండి. నిద్ర లేవగానే, తిన్నాక 10–20 నిమిషాలకి, ఆట మధ్యలో ఓసారి, పడుకోబెట్టే ముందు ఎలాగూ తప్పదు. క్రేట్ అది నిలబడి, తిరిగి, కాళ్లు చాపుకునేంతే ఉండాలి. పెద్దదైతే మధ్యలో అడ్డు పెట్టండి, లేకపోతే ఒక మూల పడక, ఇంకో మూల బాత్రూమ్ అవుతుంది.

ఇక అసలు సమస్య, బయట సగం పోసి లోపల మిగతాది. దీనికి కారణాలు రెండు. ఒకటి, వాసనల్లో పడి మూత్రాశయం పూర్తిగా ఖాళీ చేయడం మర్చిపోతుంది. రెండోది మనం చేసేదే: పోయగానే ఇంట్లోకి లాక్కొచ్చేస్తాం. పోస్తే షికారు అయిపోతుందని దానికి అర్థమవుతుంది, దాంతో ఆపుకోవడం నేర్చుకుంటుంది. ఈ వరస తిరగేయండి. లీష్ వేసి రోజూ ఒకే చోట నిలబడండి, మీరు కదలొద్దు, మాట్లాడొద్దు, ఫోన్ చూసుకోవచ్చు. అది మీ చుట్టూనే తిరుగుతుంది, కాసేపటికి విసుగొచ్చి పోస్తుంది. పోస్తున్నప్పుడు "పోసేయ్" లాంటి ఒకే మాట మెల్లగా అనండి. ఆహా ఓహో అని సంబరపడితే మధ్యలో ఆపేసి మీ దగ్గరికి పరిగెత్తుకొస్తుంది, సగం అక్కడే మిగిలిపోతుంది. పూర్తయి లేచిన సెకనులో బఠాణీలో సగమంత ట్రీట్. ఇంట్లోకొచ్చాక ఇస్తే గుమ్మం దాటినందుకు ఇచ్చారనుకుంటుంది. ట్రీట్ అయ్యాక ఇంకో మూడు నిమిషాలు అక్కడే నిలబడండి, చాలాసార్లు రెండో విడత వస్తుంది. షికారు, ఆట అన్నీ ఆ తర్వాతే.

ఐదు నిమిషాల్లో ఏమీ రాకపోతే లోపలికి తెచ్చి నేల మీద వదలకండి. ఒళ్లోనో క్రేట్‌లోనో 10–15 నిమిషాలు ఉంచి మళ్లీ అదే చోటికి. ఆ పావుగంట వదిలారా, మ్యాట్ తడిసినట్టే.

కళ్లముందే కూర్చుంటే అరవకుండా "అయ్యో" అని ఎత్తేయండి. చిన్న కుక్కని గాల్లోకి ఎత్తితే ధార చాలావరకు ఆగిపోతుంది. బయట దించండి, మిగిలింది అక్కడ పోస్తే ట్రీట్ ఇవ్వండి. అయిపోయాక చూస్తే నోరు మూసుకుని తుడుచుకోవడమే.

మరకల వేట (జవాబు)

మ్యాట్ సంగతి, ఫినాయిల్ సంగతి నేను చెప్తాను. ఫినాయిల్ వాసన మన ముక్కుని మోసం చేస్తుందే గానీ కుక్క ముక్కుని కాదు. పైపైన తుడిస్తే మూత్రం పూర్తిగా పోదు. ఆరాక కొంత అక్కడే మిగులుతుంది, తేమ తగిలినప్పుడల్లా వాసన లేస్తుంది. బాత్రూమ్ ముందు మ్యాట్‌కి తేమ కొదవేముంది? పైగా ఆ ఫినాయిల్ నేల మీద నడిచి అది పాదాలు నాక్కుంటుంది, మంచిది కాదు.

పెంపుడు జంతువుల మూత్రానికని అమ్మే ఎంజైమ్ క్లీనర్ తీసుకోండి. అది పనిచేయలేదనేవాళ్లలో ఎక్కువమంది ఫినాయిల్ పెట్టి తుడిచిన చోటే దాన్ని పోస్తారు. ఆ మందు ఎంజైమ్‌నీ చంపేస్తుంది. ముందు మామూలు నీళ్లతో రెండుసార్లు తుడిచి, పొడిబట్టతో అద్ది, తర్వాతే క్లీనర్ వేయాలి. పైపైన చిలకరించడం కాదు, మూత్రం ఎంత లోతుకి దిగిందో అంత దిగాలి, మరక చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు అదనంగా తడవాలి. కనీసం 10–15 నిమిషాలు, లేబుల్ మీద ఇంకా ఎక్కువ రాసి ఉంటే అంతసేపు వదిలి, అద్ది, ఫ్యాన్ గాలికి దానంతటదే ఆరనివ్వండి. టైల్స్ అయితే మధ్య గీతల్లోకి దిగేలా పోయండి, వాసన దాక్కునేది అక్కడే. అమ్మోనియా ఉన్న క్లీనర్లు వద్దు, వాటి వాసన మూత్రం వాసనకి దగ్గర. బ్లీచ్ అసలే వద్దు, మూత్రంతో కలిస్తే ఘాటైన విషవాయువు పుడుతుంది.

పాత మరకలు వెతకడానికి చిన్న యూవీ టార్చ్ చాలు. రాత్రి లైట్లన్నీ ఆపి, నేలకి అడుగు ఎత్తులో పట్టుకుని సోఫా వెనక, మంచాల కింద, కర్టెన్ల అంచుల వెంట మెల్లగా తిప్పండి. ఎండిన మూత్రం పసుపుపచ్చగా మెరుస్తుంది. సబ్బు మరకలు కూడా మెరుస్తాయి, అనుమానమొస్తే వాసన చూడాల్సిందే, తప్పదు.

పెద్దవాళ్లకి ఒక్క మాట చెప్పండి. చూపించి గద్దిస్తే అది నేర్చుకునేది "లోపల పోయకూడదు" అని కాదు, "మనుషులు చూస్తుండగా పోయకూడదు" అని. సోఫా వెనక్కి వెళ్తున్నది అందుకే. రేపు బయట లీష్ పట్టుకుని మీరు పక్కనే నిలబడినా పోయదు. తల దించి, చెవులు వెనక్కి వేసి చూసే ఆ చూపు తప్పు తెలిసి కాదు, మీ గొంతుకి భయపడి.

పొట్టిజాతి (జవాబు)

ప్యాడ్ గురించి అడిగినదానికి ఎవరూ జవాబివ్వలేదు. ప్యాడ్ పెడితే కుక్క చెడిపోతుందనే వాదన నేను ఒప్పుకోను. ఇంత చిన్న కుక్కకి జీవితాంతం ప్యాడో గడ్డి ట్రేయో సరిపోతుంది. వానలో కడుపు తడిసే ఎత్తున్న కుక్క బయటికి రానని మొరాయిస్తే అది తెలివే. కానీ సగం రోజులు ప్యాడ్, సగం రోజులు బయట అంటే దానికి ఏమీ అర్థం కాదు.

కుక్కపిల్లలు పోసే చోటుని కాలికింద మెత్తదనంతో కూడా గుర్తుపెట్టుకుంటాయి. ప్యాడ్ మీద మొదలైన పిల్లకి బాత్రూమ్ మ్యాట్ ఇంకో ప్యాడే. ప్యాడ్ తీసేశారు, అదే తీరుగా ఉన్నది ఇంకోటి కనిపించింది, వాడుకుంటోంది. మ్యాట్లు, చిన్న రగ్గులు, నేల మీద పడేసే తువ్వాళ్లు అన్నీ ఎత్తేయండి.

బయటే అలవాటు చేయాలనుకుంటే ప్యాడ్ మళ్లీ పెట్టకండి. ఇంట్లో ఎవరూ ఉండని గంటలు ఎక్కువైతే మాత్రం ప్లేపెన్‌లో పడకకి దూరంగా గడ్డి ట్రే పెట్టండి. కాలికింద గడ్డే తగులుతుంది కాబట్టి బయట నేర్చిందానికి అడ్డం రాదు. ప్యాడ్ వదలని పిల్లలకైతే ప్యాడ్‌ని రోజుకి ఓ అడుగు చొప్పున తలుపు వైపు జరిపి, గుమ్మం దాటించి, తర్వాత దాన్ని చిన్నగా కత్తిరిస్తూ పోవాలి. తొందరపడి ఒకేసారి రెండు గజాలు జరిపితే ప్యాడ్ పాత చోటే పోస్తుంది.

బుజ్జితోక

అందరికీ థాంక్స్. వెట్ చూశారు, మూత్రం పరీక్షలో ఏమీ లేదు. మ్యాట్లు తీసేశాం, లీష్ మొదలుపెట్టాం. తేడా కనిపిస్తోంది. ఇంకోటి గమనించాను: గద్దించే మనిషి ఇంటికి రాగానే, చుట్టాలు వంగి నిమరబోయినా, అక్కడికక్కడే నాలుగు చుక్కలు వదులుతుంది. అప్పుడే బయట పోసి వచ్చినా సరే. ఇదీ అదేనా?

నాలుగుకాళ్లు

ఇది వేరు. పాటీ ట్రైనింగ్‌తో దీనికి సంబంధం లేదు, అది కావాలని చేసేది కూడా కాదు. ఒళ్లు కుంచించి, చెవులు వెనక్కి వేసి, తోక కిందికి పెట్టి వదిలితే భయంతో కూడిన లొంగుబాటు. తోక ఊపుతూ ఎగురుతూ వదిలితే సంతోషం పట్టలేక. చాలా పిల్లల్లో ఏడాది వయసులోపు తగ్గిపోతుంది, మధ్యలో తిట్టకపోతే.

వచ్చినవాళ్లు రెండు మూడు నిమిషాలు దాన్ని చూడకుండా, పలకరించకుండా ఉండాలి. అది కుదుటపడి దగ్గరికొచ్చాక పక్కకి తిరిగి కింద కూర్చుని, తల మీద నుంచి కాకుండా గడ్డం కిందో ఛాతీ మీదో నిమరాలి. ఆ గద్దించే మనిషి చేతే రోజూ రెండు పూటలా తిండి పెట్టించండి. చుట్టాలొచ్చే టైమ్ ముందే తెలిస్తే గడ్డి మీద, బయటే పరిచయం చేయండి.

ఈలోగా ఆరో నెల దాటాక మొదటి హీట్ (జత కట్టే దశ) ఎప్పుడైనా రావచ్చు. ఆ రోజుల్లో మాటిమాటికీ కొంచెం కొంచెంగా పోయడం మామూలే, అప్పుడు కంగారుపడి అన్నీ మార్చేయకండి.

క్రేట్ కబుర్లు

గదులు మళ్లీ ఎప్పుడు తెరవాలని ఎలాగూ అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. వరసగా నాలుగు వారాలు ఒక్క చుక్క కూడా పడకపోతే ఒక్క గది, అదీ బయట పూర్తిగా పోసి వచ్చిన అరగంట మాత్రమే, మీరు అదే గదిలో ఉండగా. ఇంకో వారం పదిరోజులు బాగుంటే టైమ్ పెంచండి, తర్వాతే రెండో గది. పడితే ఆ ఒక్క గది మూసేయండి, మొత్తం మళ్లీ మొదలెట్టక్కర్లేదు. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఎన్ని గంటలకి తిన్నది, తాగింది, ఎక్కడ పోసింది ఇంట్లో అందరూ రాయండి. నాలుగు రోజుల్లో ఏ టైమ్‌కి జారుతోందో దొరుకుతుంది. సాధారణంగా అది సాయంత్రం, అందరూ ఇంట్లో ఉండి "ఇంకొకరు చూస్తున్నారులే" అనుకునే గంట. ఆ గంటకి ఒక మనిషి పేరు రాసిపెట్టండి, లీష్ వాళ్ల నడుముకే.