క్రిస్టీ మూర్ సొంతంగా రాసిన పాటలేవో ఎలా తెలుసుకోవాలి?

ఐరిష్ జానపద గాయకుడు క్రిస్టీ మూర్ స్వయంగా రాసిన పాటలు మాత్రమే ఒక ప్లేలిస్ట్‌లో పెట్టుకుందామని చూస్తున్నాను. చిక్కేమిటంటే, ఇతరుల పాటలు కూడా తనవే అన్నట్టు పాడేస్తాడాయన. 1984 నాటి 'రైడ్ ఆన్' ఆల్బమే చూడండి: 'లిస్‌డూన్‌వార్నా' ఆయనదే, టైటిల్ పాట జిమ్మీ మెకార్తీది, 'సిటీ ఆఫ్ షికాగో' తమ్ముడు బ్యారీ మూర్ రాసింది. నేను వినే యాప్‌లో రచయిత దగ్గర కూడా గాయకుడి పేరే కనిపిస్తోంది. వీడియోల కింది వివరాలు చూస్తే ఒకదానికొకటి పొంతన లేదు. పాత సీడీ కొందామంటే లోపల బుక్‌లెట్ ఉంటుందో లేదో అమ్మేవాళ్లు చెప్పరు. ప్లాంక్స్‌టీ, మూవింగ్ హార్ట్స్ బృందాలతో చేసినవి ప్రస్తుతానికి వద్దు. 1972 'ప్రాస్పెరస్' నుంచి 'రైడ్ ఆన్' దాకా వచ్చిన సోలో ఆల్బమ్‌లలో ఏ పాట ఎవరు రాశారో నమ్మదగ్గ వివరాలు ఎక్కడ దొరుకుతాయి?