మూడోసారీ ఇన్‌కంప్లీట్ అన్నారు. గంజాయి సాగు పర్మిట్‌కి కానపీ (మొక్కలు పెరిగే విస్తీర్ణం) లెక్క తెలిసినవాళ్లు ఉన్నారా?

పాతమిల్లు (రాత్రి 9:48)
సాయంత్రం ఆరు నుంచి ఇదే పట్టుకుని కూర్చున్నా, బుర్ర పనిచేయడం లేదు. కెనాబిస్ (గంజాయి) ఇండోర్ గ్రోకి స్పెషల్ పర్మిట్ వేశాం. టౌన్ ప్లానర్ మళ్లీ తిప్పి పంపాడు. కానపీ విస్తీర్ణం డ్రాయింగ్‌తో కలవడం లేదట, లైటింగ్ వాట్లు మళ్లీ చూపించాలట. ఫారంలో 6,000 చదరపు అడుగులని రాశాం. గది సరిగ్గా అంతే, టేపు పెట్టి నేనే కొలిచా. చదరపు అడుగుకి 48 వాట్లు, పరిమితి 50. ఇంకేం కలవాలి? హియరింగ్ మళ్లీ వెనక్కి పోతోంది. అద్దె మాత్రం ఒకటో తారీఖుకి ఠంచనుగా పోతోంది.

గుంటూరు ఘాటు (9:55)
ఏ రాష్ట్రం?

పాతమిల్లు (9:57)
మసాచుసెట్సే. టౌన్, స్పెషల్ పర్మిట్, 50 వాట్లు అన్నాక ఇంకెక్కడ ఉంటుంది?

గుంటూరు ఘాటు (9:58)
మాకు కలొస్తుందా? మిచిగన్‌లో విస్తీర్ణం కాదు, మొక్కలు లెక్కపెడతారు. క్లాస్ సీ లైసెన్స్ అంటే 2,000 మొక్కలు. రాష్ట్రం చెప్పకుండా అడిగితే ఇలాగే ఉంటుంది.

నల్లకోటు (10:06)
లెక్కల సంగతి తర్వాత. మీ ఇమిగ్రేషన్ స్టేటస్ ఏంటి? 2016లో మసాచుసెట్స్ ఓటర్లు ఒప్పుకున్నారు, నిజమే. కానీ ఇమిగ్రేషన్ చూసేది ఫెడరల్ చట్టం. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, కెనాబిస్ వ్యాపారం చేస్తే పౌరసత్వానికి కావాల్సిన సత్ప్రవర్తన దెబ్బతినొచ్చని 2019 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ స్పష్టంగా రాసింది. గ్రీన్ కార్డుతో ఇండియా వెళ్లొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో అడిగితే ఏం చెప్తారు? పర్మిట్ కన్నా ముందు లాయర్‌ని కలవండి.

పాతమిల్లు (10:11)
వ్యాపారం మా బావది, ఆయన సిటిజన్. నేను కాగితాలు చూస్తున్నానంతే. కానపీ గురించి చెప్పండి సార్.

నల్లకోటు (10:13)
"కాగితాలు చూస్తున్నానంతే" అన్నవాళ్లను చాలామందినే చూశాను.

మాష్టారు (10:20)
గంజాయి తోటకి ఇన్ని సలహాలా? మన దగ్గర 20 కిలోలు దాటితే మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద పదేళ్లకు తక్కువ పడదు. ఏజెన్సీలో పిల్లల బతుకులు ఏమైపోతున్నాయో తెలుసా?

గుంటూరు ఘాటు (10:22)
మాష్టారూ, ఆయన మసాచుసెట్స్ ప్లానింగ్ బోర్డుకి పెట్టుకున్నాడు, పాడేరు పోలీస్ స్టేషన్‌కి కాదు.

చల్లగాలి (10:31)
పాత మిల్లు భవనమా? అయితే వాసన ప్లాన్ గట్టిగా పెట్టండి, హియరింగ్‌లో పక్కింటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే. కార్బన్ ఫిల్టర్లు పెట్టామని అందరూ రాస్తారు. తేమ పెరిగితే కార్బన్ రంధ్రాల్లో నీరే చేరి కూర్చుంటుంది, ఇక వాసన ఎక్కడ పడుతుంది? పూత గదిలో డీహ్యూమిడిఫైయర్ సైజు తప్పితే ఫిల్టర్ దండగ. పాత ఇటుక గోడల సందుల్లోంచి గాలి కారుతుంది కాబట్టి గది పీడనం బయటికన్నా తక్కువుండాలి. ఏసీ టన్నేజీ ఎంత పెట్టారు?

పాతమిల్లు (10:34)
వాసన గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదండీ.

బీరపాదు (10:40)
ర్యాక్‌లు ఎన్ని అంతస్తులు?

పాతమిల్లు (10:42)
రెండు. డ్రాయింగ్‌లో ఉందిగా.

గుంటూరు ఘాటు (10:43)
అదీ సంగతి! రెండంతస్తులంటే 12,000. టయర్ 2 (10,000 అడుగుల లోపు తరగతి) దాటిపోయారు, 10,000 పైన 36 వాట్లే పరిమితి. అయిపోయింది.

పాతమిల్లు (10:44)
ఏంటీ??

బీరపాదు (10:52)
కంగారు పడకండి, ఘాటుగారు గదిని రెండుతో గుణించారు. కానపీ అంటే పందిరి అనుకోండి. కింద నేల ఎంతుందో కాదు, పాదు ఎంత మేర పాకిందో అది లెక్క. రెండు పందిళ్లు వేస్తే రెండూ కలపాలి. నడిచే దారి ర్యాక్‌కి బయట ఉంటే అది పందిరి కాదు. రూల్లో పూతకొచ్చిన మొక్కలుండే చోటే కొలుస్తారు, అల్మారాల్లా పేర్చితే ప్రతి అంతస్తూ కలుస్తుంది. అంటు మొక్కల గది లెక్కలోకి రాదు. ఒక్కో ర్యాక్ సైజెంత, ఎన్ని?

మాష్టారు (10:55)
పందిరి అనకండి. పందిరి అంటే పెళ్లికీ బీరకాయలకీ.

బీరపాదు (10:56)
మరి మీరే ఒక మాట చెప్పండి.

మాష్టారు (10:59)
పర్ణాచ్ఛాదనం.

గుంటూరు ఘాటు (11:00)
ప్లానర్‌కి అదే రాసి పంపు, నాలుగోసారి తిప్పి పంపే ధైర్యం చేయడు.

పాతమిల్లు (11:03)
4 అడుగులు × 20 అడుగులు, 45 ర్యాక్‌లు.

బీరపాదు (11:07)
అంతస్తుకి 3,600, రెండు కలిపి 7,200. టయర్ 2లోనే ఉన్నారు. మీరు 48 అన్నది మొత్తం లైట్లను 6,000తో భాగించి రాసిందేనా? అయితే మొత్తం 288 కిలోవాట్లు. 7,200తో భాగిస్తే 40. డ్రాయింగ్‌లో ర్యాక్‌ల చుట్టూ గీత గీసి, ఒక్కోదానికి అంకె వేసి, పక్కన పట్టిక పెట్టండి. పంపేముందు ప్లానర్‌కి ఫోన్ చేసి దారుల లెక్క ఆయనా ఇలాగే చూస్తాడా అని అడగండి. కొందరు సరిహద్దు గీతను గది గోడకే గీస్తారు, అప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. టౌన్ క్లర్క్ దగ్గర ఫైలైన రోజు నుంచి 65 రోజుల్లో హియరింగ్ పెట్టాలి, ఆ ముద్ర ఉన్న కాపీ దాచుకోండి. ఐదుగురి బోర్డయితే నలుగురు ఒప్పుకోవాలి.

చల్లగాలి (11:15)
40 వాట్లంటే వేడి కూడా అంతే. టన్నేజీ చెప్పలేదు.

పాతమిల్లు (మర్నాడు ఉదయం 8:20)
288, అవునండి. డ్రాయింగ్ మార్చి పంపేశా. థ్యాంక్స్ బీరపాదుగారూ. ఇంకొకటి, టౌన్‌తో హోస్ట్ కమ్యూనిటీ అగ్రిమెంట్‌లో కూడా 6,000 అనే ఉంది. దానికోసం మళ్లీ సెలెక్ట్ బోర్డు (టౌన్ పాలకమండలి) దగ్గరికి వెళ్లాలా?

నల్లకోటు (8:41)
అగ్రిమెంట్ మీద సంతకం ఎవరిది, మీదా, మీ బావదా?