ముందు ఎదుగుదల, తరవాతే ఆదాయం అనే సూత్రం కొత్త మార్కెట్లలో నిలబడుతుందా?

ప్రశ్న

మేము ముగ్గురం కలిసి 14 నెలలుగా చిన్న పంపిణీదారుల కోసం, గోదాములో సరుకు లెక్క చూసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాం. ప్రస్తుతం 38 మంది నెలనెలా డబ్బు కట్టి వాడుకుంటున్నారు. ఇటీవల ఒక యాక్సిలరేటర్‌లో, అంటే కొత్త కంపెనీలకు సలహాలూ తోడ్పాటూ ఇచ్చే సంస్థలో, చేరాం. అక్కడి సలహాదారులు ప్రధానంగా మూడు మాటలు చెప్పారు. రుసుము ఎత్తేసి ముందు యూజర్ల సంఖ్య పెంచమన్నారు. కస్టమర్ దగ్గరికి మనిషిని పంపి నేర్పించడం మానుకోమన్నారు. మా కస్టమర్లకు రావాల్సిన బాకీల వసూలు మా పని కాదు కాబట్టి దాని జోలికి పోవద్దన్నారు. వాళ్లు మా మేలు కోరే చెప్పారనడంలో నాకు సందేహం లేదు. అయితే గోదాములో నేను కళ్లారా చూస్తున్నదానికీ ఈ సలహాలకూ పొత్తు కుదరడం లేదు.

ఒక చోట గుమాస్తా సరుకు దిగుతుండగా అట్టముక్క మీద పెన్సిల్‌తో లెక్క రాసుకుంటాడు, ఎందుకంటే రేకుల కప్పు కింద సిగ్నల్ అందదు. సాయంత్రం షట్టర్ దించాక బయటికి వచ్చి, గోదాములో ఉన్న ఒకే ఒక్క ఫోన్ తీసుకుని, ఆ అట్టముక్కను మోకాలి మీద పెట్టుకుని వరుసగా అన్నీ ఎక్కిస్తాడు. అదే ఫోన్‌ను పగలు ఇంకో ముగ్గురు వాడతారు. మా డాష్‌బోర్డులో ఆ నలుగురూ కలిసి ఒక్క యూజర్‌గా, అదీ రోజుకు ఒక్కసారి తొంగిచూసే యూజర్‌గా కనబడతారు. ఆ అంకె చూసిన సలహాదారు వాడకం బలహీనంగా ఉందని తేల్చేశారు. నిజానికి ఆ గోదాములోకి వచ్చిన ప్రతి పెట్టె మా లెక్కలోకి చేరుతోంది.

ఈ సలహాల్లో ఏవి ఎక్కడైనా చెల్లుతాయి, ఏవి అవి పుట్టిన చోట మాత్రమే చెల్లుతాయి అన్నది ఎలా తేల్చుకోవాలి?

మొదటి సమాధానం

నేను చెల్లింపుల రంగంలో చాలాకాలం పనిచేశాను కనుక మీ మూడో అంశం, అంటే వసూళ్ల సంగతి, నుంచి మొదలుపెడతాను.

ఒక్క పనే చేయండి, మిగిలినవి ఇతరులకు వదిలేయండి అన్న సూత్రం, ఆ మిగిలిన పనులు చేసిపెట్టేవాళ్లు అప్పటికే ఉన్నచోట పుట్టింది. అక్కడ కార్డులు ఉన్నాయి, స్పష్టమైన చిరునామాలు ఉన్నాయి, పార్సెల్ చేరవేసే సంస్థలు ఉన్నాయి, అప్పు తీర్చే అలవాటును నమోదుచేసే వ్యవస్థ ఉంది. అలాంటి చోట కొరవడింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాబట్టి అది రాస్తే సరిపోయింది. అవేవీ లేనిచోట అదే సూత్రాన్ని పాటిస్తే పునాది పక్కవాళ్లు తవ్వుతారన్న ధీమాతో గోడ లేపినట్టే అవుతుంది.

కెన్యాలో ఫోన్ ద్వారా డబ్బు లావాదేవీలు నడిపే ఎం-పెసాను తీసుకోండి. 2005లో దాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు చిన్న రుణాల వాయిదాలు ఫోన్ ద్వారా కట్టించుకోవడమే ఉద్దేశం. జనం మాత్రం దాన్ని ఒకరికొకరు డబ్బు పంపుకోవడానికి వాడటం మొదలుపెట్టారు. ఆ సంగతి గమనించి, 2007 మార్చిలో సఫారీకామ్ అనే అక్కడి ఫోన్ కంపెనీ దాన్ని డబ్బు పంపుకునే సేవగానే విడుదల చేసింది. ఈ కథలో ఫోన్ గురించి అందరూ చెబుతారు గానీ ఏజెంటు గురించి చెప్పేవాళ్లు తక్కువ. జనం నోట్లు ఇచ్చి ఫోన్ ఖాతాలో వేయించుకునేదీ, ఖాతాలోది నోట్లుగా తీసుకునేదీ ఈ ఏజెంటు దగ్గరే. అతని దగ్గర ఒక పక్క నోట్లూ మరో పక్క ఫోన్ ఖాతాలో నిల్వా రెండూ ఉండాలి. ఉదయం నుంచి అందరూ డబ్బు తీసుకునేవాళ్లే వస్తే నోట్లు అయిపోతాయి, అందరూ వేసేవాళ్లే వస్తే ఖాతాలో నిల్వ అయిపోతుంది. రెంటిలో ఏది అయిపోయినా కస్టమర్‌ను తిప్పి పంపాల్సిందే, అలా రెండుసార్లు తిరిగి వెళ్లిన మనిషి మూడోసారి రావడం కష్టం. ఈ తూకం చెడకుండా కొన్ని వందల చోట్ల, తరవాత వేల చోట్ల, రోజూ చూసుకోవడమే అసలు వ్యాపారం. సాఫ్ట్‌వేర్ మాత్రమే మా పని అని వాళ్లు గిరి గీసుకుని ఉంటే ఆ సేవ మొదటి ఏడాది దాటేది కాదని నా నమ్మకం.

అర్జెంటీనాలో 1999లో మొదలైన మెర్కాడో లిబ్రేదీ అదే దారి. అమ్మేవాళ్లనూ కొనేవాళ్లనూ కలిపే వేదికగా ప్రారంభించి, మధ్యలో నమ్మకమైన చెల్లింపు లేక బేరాలు తెగకపోవడం చూసి సొంత చెల్లింపుల సేవ కట్టుకుంది, 2013లో సరుకు చేరవేతకూ ఒక సేవ పెట్టింది.

కాబట్టి వసూళ్లు మీ పనా కాదా అని యాక్సిలరేటర్‌ను అడగకండి. మానేసిన కస్టమర్లు ఎందుకు మానేశారో చూడండి. లెక్క సరిగ్గానే ఉన్నా బాకీలు రాక చేతిలో డబ్బాడక ఆపేసినవాళ్లు అందులో ఉంటే, వసూళ్లు మీ పనే.

రెండో సమాధానం

పై మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ ఒక ప్రమాదం గురించి గట్టిగా హెచ్చరించక తప్పదు. మా మార్కెట్ వేరు అనే మాట చాలామంది వ్యవస్థాపకులకు డాలుగా మారింది. కస్టమర్ కొనకపోయినా, ఖర్చు అదుపు తప్పినా, ఇక్కడి పరిస్థితులు అలాంటివి అని సరిపెట్టుకోవడం నేను దగ్గరగా చూశాను. అలా రెండేళ్లు వృథా చేసుకున్న బృందంలో నేనూ ఒకణ్ణి.

బ్రెజిల్‌లో 2013లో పుట్టిన నూబ్యాంక్ చేసింది చూడండి. వార్షిక రుసుము లేని క్రెడిట్ కార్డు ఒక్కదానితో మొదలై, డబ్బు దాచుకునే ఖాతాను 2017లో గానీ తేలేదు. అది కొత్త మార్కెటే, అయినా ఒక్క పనే చేయమన్న సూత్రం అక్కడ చక్కగా పనిచేసింది. కార్డుల నెట్‌వర్కు అప్పటికే దేశమంతా ఉండటంతో వాళ్లు దాని మీద నిలబడి పని చేశారు. అంటే మార్కెట్ కొత్తదా పాతదా అన్నది ఎవరికీ జవాబు ఇవ్వదు, ఆ ఒక్క పనికి కావలసిన ఆధారం అక్కడ ఉందా లేదా అన్నదే చూడాలి.

ఆధారం లేదని అన్నీ సొంతంగా కట్టుకున్నంత మాత్రాన గట్టెక్కుతామనీ లేదు. ఆఫ్రికాలో జుమియా అనే ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ సొంత చేరవేత, సొంత చెల్లింపులు రెండూ కట్టుకుంది, 2019 ఏప్రిల్‌లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది. అదే ఏడాది నవంబరులో కామెరూన్, టాంజానియాల నుంచి వైదొలగింది, 2023 చివరికి ఆహారం చేరవేసే విభాగాన్ని మూసేసింది. కట్టిన ప్రతిదానికీ పోషణ ఖర్చు ఉంటుంది. పైగా మీరు ఎంతో శ్రమపడి కట్టిన దారి పక్కనే రేపు ప్రభుత్వం ఉచితంగా రహదారి వేయవచ్చు. భారతదేశంలో 2016లో యూపీఐ, బ్రెజిల్‌లో 2020 నవంబరులో పిక్స్ వచ్చాక డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు పంపడం అనేది ఎవరైనా ఇవ్వగల సేవ అయిపోయింది. అందుకే వసూళ్ల భాగం కట్టేటట్టయితే, రేపు తీసి పక్కన పెట్టగలిగేంత తేలికగా కట్టండి.

మూడో సమాధానం

ఉచితంగా ఇవ్వమన్న సలహా గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు అన్నింటికన్నా ఆందోళన కలిగించింది అదే.

ముందు ఎదిగి తరవాత సంపాదించడం అంటే, ఆ మధ్యకాలం ఖర్చు ఎవరో ఒకరు భరిస్తూ ఉండాలి. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేటు దాదాపు సున్నా దగ్గర ఉన్నంతకాలం అలా భరించేవాళ్లు దొరికారు. 2022 మార్చి నుంచి పెరుగుతూ పోయిన రేటు 2023 జులై నాటికి 5.25-5.50 శాతానికి చేరింది. ఏ ప్రమాదమూ లేకుండా ప్రభుత్వ బాండ్లలోనే అయిదు శాతం వస్తుంటే, దూరదేశపు కంపెనీ నష్టాలను ఏళ్ల తరబడి మోయడానికి పెట్టుబడిదారు ముందుకు రావడం సహజంగానే తగ్గింది.

దీనికి మారకపు రేటు దెబ్బ తోడవుతుంది. 2023 జూన్‌లో నైజీరియా తన కరెన్సీ నైరా మారకపు రేటు మీద పట్టు సడలించింది. అంతకుముందు డాలరుకు 470 నైరాల లోపే ఉన్న అధికారిక రేటు ఏడాది తిరగకముందే 1,400 దాటింది. ఆ కాలంలో నైరాల్లో అమ్మకాలు మూడింతలు చేసుకున్న కంపెనీ కూడా డాలర్ల లెక్కలో ఉన్నచోటే ఉండిపోయింది. క్లౌడ్ సర్వర్ల బిల్లు మాత్రం డాలర్లలోనే వస్తుంది. అందువల్ల పెట్టుబడి ఒక కరెన్సీలోనూ ఆదాయం మరో కరెన్సీలోనూ ఉన్నవాళ్లకు, ఈ నెల చేతికొచ్చిన రుసుము రేపటి యూజర్ల సంఖ్య కన్నా ఎంతో విలువైనది.

పెట్టుబడి వద్దని నేననడం లేదు. ఇండోనేషియాలో మోటార్‌సైకిల్ మీద మనుషుల్ని చేరవేసే గోజెక్ 2010లో ఇరవై మంది మోటార్‌సైకిల్ నడిపేవాళ్లతో, ఒక కాల్ సెంటర్‌తో మొదలై, 2015 జనవరిలో యాప్ తెచ్చాకే పెద్ద పెట్టుబడులతో పరుగందుకుంది. ఆ ముందరి అయిదేళ్లలో ఫోన్లు ఎత్తుతూ నేర్చుకున్నదే యాప్‌లోకి వెళ్లి ఉంటుందని నేను అనుకుంటాను. 1996లో మొదలైన సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో, 2010లో మొదలైన షేర్ల బ్రోకరేజీ సంస్థ జెరోధా బయటి వెంచర్ క్యాపిటల్ (కంపెనీలో వాటా కోసం పెట్టే పెట్టుబడి) తీసుకోకుండానే కస్టమర్లు కట్టిన డబ్బుతో ఎదిగాయి. మీ 38 మంది కడుతున్న రుసుము చిన్నదే కావచ్చు, కానీ మీరు చేస్తున్న పని వాళ్లకు అవసరమని చెప్పడానికి మీ దగ్గర ఉన్న ఏకైక సాక్ష్యం అదే. దాన్ని చేజేతులా చెరిపేసుకోకండి.

ప్రశ్న అడిగిన సభ్యుడి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే మానేసినవాళ్ల జాబితా తీసి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. మొత్తం 11 మంది. అందులో ఆరుగురు బాకీలు రాక చెయ్యి ఇరుకై ఆపేశామన్నారు. ఇద్దరు వ్యాపారమే మానుకున్నారు. మిగిలిన ముగ్గురి కారణం మా తప్పే: గుమాస్తా మారాడు, కొత్తగా వచ్చినవాడికి మేము నేర్పలేదు. మనిషిని పంపడం మానేయమన్న సలహాను మేము అప్పటికే సగం పాటించడం మొదలుపెట్టామని నాకు ఇప్పుడు అర్థమైంది, అందుకు చాలా బాధగా ఉంది.

రుసుము ఎత్తేయడం లేదు. డాష్‌బోర్డులో యూజర్ల సంఖ్య బదులు, గోదాములోకి వచ్చిన పెట్టెల్లో ఎన్ని మా లెక్కలోకి ఎక్కాయన్నది చూస్తున్నాం. వసూళ్లకు ప్రస్తుతం గడువు గుర్తుచేసే సందేశం మాత్రమే పంపిస్తాం, డబ్బును మేము ముట్టుకోం. ఇక తేలనిది మనిషిని పంపే ఖర్చు ఒక్కటే. ఒక్కో కస్టమర్‌కు సగటున నాలుగుసార్లు వెళ్లాల్సి వస్తోంది, ఆ ఖర్చు అయిదు నెలల రుసుముకు సమానం.

రెండో సమాధానం ఇచ్చిన సభ్యుడు

ఆ నాలుగింటిలో మూడోసారి, నాలుగోసారి వెళ్లినప్పుడు ఏం నేర్పుతున్నారో రాసి పెట్టండి. ప్రతి గోదాములోనూ అదే చోట తడబడుతున్నారంటే సాఫ్ట్‌వేర్‌లో ఆ తెరను మార్చండి, అప్పుడు రెండుసార్లతో సరిపోవచ్చు. ఒక్కోచోట ఒక్కో సమస్య అయితే ఆ రాకపోకలను రుసుములో కలిపి ముందే చెప్పండి. ఇంకో మాట, అట్టముక్కను మాన్పించే ప్రయత్నం చేయకండి. సిగ్నల్ లేకుండానే పనిచేసే పద్ధతి మీరు తెచ్చేవరకు ఆ గుమాస్తా దగ్గరున్న నమ్మకమైన రికార్డు అదొక్కటే.