‘కృత్రిమ గురుత్వాకర్షణ’లో ఆకర్షణ ఎక్కడుంది?

వ్యోమనౌకను గిరగిర తిప్పి అందులోని మనుషులకు బరువు కల్పించే పద్ధతిని ‘కృత్రిమ గురుత్వాకర్షణ’ అనవచ్చునా అని ఒకరు అడిగారు. పత్రికల్లో స్థిరపడిన మాటే అయినా, అందులోని ‘ఆకర్షణ’ అక్కడ జరిగే పనికి పొసగదని నా అభిప్రాయం.

ఆకర్షించడమంటే తన వైపు లాక్కోవడం. భూమి మనల్ని అలాగే లాగుతుంది. చక్రంలా తిరిగే నౌకలో మనిషిని లాగేది ఏదీ లేదు. అతని శరీరం సరళరేఖలో సాగిపోబోతుంటే బయటి గోడ అడ్డుపడి క్షణక్షణమూ కేంద్రం వైపు నెడుతుంటుంది, ఆ నెట్టుడే పాదాలకు బరువుగా తెలుస్తుంది. నిమిషానికి 2 చుట్లు తిరిగే నౌకలో భూమి మీది బరువు రావాలంటే వ్యాసార్ధం సుమారు 224 మీటర్లు ఉండాలి. 4 చుట్లయితే 56 మీటర్లు చాలు గానీ, అంత వేగంలో తల తిప్పితే కళ్లు తిరిగే ప్రమాదం ఎక్కువ. 1966 సెప్టెంబరులో అమెరికా వారి జెమిని 11 వ్యోమనౌకను సుమారు 30 మీటర్ల పట్టీతో అజీనా అనే మరో నౌకకు కట్టి, రెండింటినీ మెల్లగా తిప్పినప్పుడు అతి స్వల్పంగానైనా ఈ బరువు పుట్టింది. అదీ భ్రమణం వల్లనే.

అందుకే ‘కృత్రిమ గురుత్వం’ అంటే చాలునంటాను. గురుత్వమంటే బరువుతనం; ఛందస్సులో లఘువుకు ఎదురుగా నిలిచే గురువులో ఉన్నదీ ఆ ‘గురు’ శబ్దమే. న్యాయ, వైశేషికాలనే ప్రాచీన భారతీయ దర్శనాలవారు గురుత్వాన్ని వస్తువు తొలుత పడడానికి కారణమైన గుణంగా చెప్పారు తప్ప, దానిని లాగే మరో వస్తువును ఆ నిర్వచనంలోకి తీసుకురాలేదు. తిరిగే నౌకలో చేతిలోని వస్తువును వదిలితే, లోపల నిలబడినవారి కంటికి అది నేల మీద పడినట్టే కనిపిస్తుంది. కాబట్టి ఆ మాట ఇక్కడ చక్కగా అతుకుతుంది. ‘కృత్రిమ భారం’ కూడా తప్పు కాదు గానీ, భారమనగానే బాధ్యత, కష్టం అనే అర్థాలు ముందుకు వస్తాయి.

ఇదే వరుసలో, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్నది ‘గురుత్వాకర్షణ లేని స్థితి’ అని రాయడం నన్ను మరింత బాధిస్తుంది. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున భూమ్యాకర్షణ నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. కేంద్రమూ అందులోని మనుషులూ కలిసి భూమి చుట్టూ పడుతూనే ఉండడం వల్ల బరువు తెలియదు, అంతే. దానికి ‘భారరహిత స్థితి’ అనే చక్కని మాట మనకు ఉండనే ఉంది.