సెకండ్ హ్యాండ్ టాటా ఏస్ బండికి ఫైనాన్స్, ష్యూరిటీ నేను పెట్టాలంట. కంపెనీ మంచిదో కాదో ఎలా తెలుస్తాది?

కూర్మన్నపాలెం కుర్రోడు:

నమస్తే అందరికీ, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా బావమరిది ఇన్నాళ్లూ విశాఖలో ఎన్‌ఏడీ నుంచి గాజువాక వైపు అద్దె ఆటో తిప్పేవాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయ్యాక షేర్ ఆటో ఎక్కేవాళ్లు బాగా తగ్గిపోయారు, తప్పు పట్టట్లేదు, మా అమ్మా మా ఆవిడా ఇద్దరూ ఆ బస్సులోనే తిరుగుతున్నారు, కానీ ఓనర్‌కి రోజు అద్దె కట్టి గ్యాస్ కొట్టించాక వీడికి ఏమీ మిగలట్లేదు. అందుకని జనాలు వద్దు, ఆటోనగర్‌లో సామాన్లు తోలుకుంటానని ఒక పాత టాటా ఏస్ చూసుకున్నాడు. 3 లక్షలు ఫైనాన్స్ కావాలి.

గాజువాకలో ఒక ఫైనాన్స్ ఆఫీసుకి వెళ్లాం. కూర్చోబెట్టి టీ ఇచ్చారు, మేనేజర్ చాలా మర్యాదగా మాట్లాడాడు, రంగుల పాంప్లెట్ చేతిలో పెట్టాడు. అందులో నమ్మకం, పారదర్శకత, కస్టమరే మా కుటుంబం అని రాసుంది, లోపలి పేజీలో డ్రైవర్లకి కంటి పరీక్షల క్యాంపు, హెల్మెట్లు పంచడం, డ్రైవర్ల పిల్లలకి స్కాలర్‌షిప్పులు, అన్నీ ఫొటోలతో. వడ్డీ ఎంతండీ అంటే ఆ పాంప్లెటే తిరగేసి వెనకాల పెన్నుతో 10%, 36, 10,833 అని రాసి గుండ్రంగా చుట్టి ఇచ్చాడు. ఇంకే కాగితమూ ఇవ్వలేదు.

బావమరిదికి జీతం స్లిప్పు లేదు కాబట్టి ష్యూరిటీ సంతకం నేను పెట్టాలంట. మా ఆవిడ ముందు కాదనలేను, అలాగని కళ్లు మూసుకుని పెట్టలేను. ఈ సేవలూ విలువలూ అన్నీ చూసి నమ్మొచ్చా? కంపెనీ పేరు ఇక్కడ రాయను, ఇంకా ఏదీ తేలకుండా ఎందుకు.

లెక్కల మాస్టారు:

పారదర్శకత సంగతి ఆ పాంప్లెట్ వెనకాలే తేలిపోద్ది గురువుగారూ. 3 లక్షలకి 10 శాతం అంటే ఏడాదికి 30 వేలు, మూడేళ్లకి 90 వేలు, మొత్తం 3,90,000 ని 36తో భాగిస్తే 10,833. అంటే ఆయన చెప్పింది ఫ్లాట్ రేటు. ఆఖరి నెలకి మీవాడి బాకీ పది వేల దగ్గరికి దిగిపోయినా వడ్డీ మాత్రం మొత్తం 3 లక్షల మీదే పడుతూ ఉంటుంది. అదే తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే సుమారు 18 శాతం. ఇక ప్రాసెసింగ్ ఫీజనీ, డాక్యుమెంట్ ఛార్జీలనీ, లోను ఇన్సూరెన్సనీ ఓ 12 వేలు ముందే కోసేసి చేతికి 2,88,000 ఇచ్చి అదే వాయిదా కట్టించుకున్నారనుకోండి, అప్పుడు దగ్గర దగ్గర 21. పాత కమర్షియల్ బండికి 18 అన్యాయం అని నేననను, పాత బండికి రేటు ఎక్కువే ఉంటుంది, కానీ 18ని పట్టుకుని 10 అని చెప్పడం ఉంది చూశారా, అది నాకు నచ్చదు.

రిజర్వ్ బ్యాంక్ రూలు ఒకటుంది, 2024 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి ప్రతి లోనుకీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇచ్చి తీరాలి. అందులో ఏపీఆర్ అని ఒక గడి ఉంటుంది, వడ్డీ ఛార్జీలు అన్నీ కలిపి ఏడాదికి అసలు ఎంత పడుతుందో అక్కడ ఒక్క నంబరులో ఉంటుంది, ఏ నెల అసలుకి ఎంత, వడ్డీకి ఎంత అనే టేబులూ ఉంటుంది. తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని కూడా రూలే, కాబట్టి తెలుగులోనే అడగండి, మొహమాటం వద్దు. ఇచ్చాక కనీసం మూడు పని దినాలు ఆ షరతులకి వాళ్లు కట్టుబడి ఉండాలి, ఈలోపు ఇంటికి తెచ్చుకుని ఇంకో రెండు చోట్ల అడిగి పోల్చుకోవచ్చు. అందులో రాయని ఛార్జీ ఏదీ మీవాడు ఒప్పుకోకుండా మధ్యలో వెయ్యకూడదు. కాగితం అడిగితే ఇప్పుడు కాదు, లోను పడ్డాక ఇస్తాం అన్నారంటే లేచి వచ్చేయండి.

ఇంకో మాట, 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త సరుకు బండ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18కి తగ్గింది. కొత్తది తగ్గినప్పుడు పాతదీ తగ్గాలి కదా, అమ్మేవాడు పాత రేటే పట్టుకుని కూర్చున్నాడేమో చూడండి.

పోర్టు లారీ:

బాబూ, నేను పోర్టులో బొగ్గు, ఎరువులు తోలే లారీ ఓనర్ని. ఇప్పటి కుర్రోళ్లకి తెలీదు గానీ ఒకప్పుడు లారీ ఓడు బ్యాంకుకెళ్తే కుర్చీ కూడా చూపించీవోళ్లు కాదు. మద్రాస్ కంపెనీలే దిక్కు. సుందరం ఫైనాన్స్ 1954లో పెట్టినారు, శ్రీరామ్ వోళ్లు 1974లో చిట్టీలతో మొదలెట్టి 1979లో ట్రాన్స్‌పోర్ట్ ఫైనాన్స్‌లోకి దిగినారు. పాత లారీ కొనుక్కునే డ్రైవరుకి అప్పిస్తే ఎగ్గొడతాడని అందరూ అంటా ఉంటే, కాదు, ఆడి బండే ఆడి బతుకు, ఎలాగోలా కట్టీస్తాడు అని నమ్మి ఆ యాపారం నిలబెట్టినారు శ్రీరామ్ పెట్టిన త్యాగరాజన్ గారు. ఆయనకి 2013లో పద్మభూషణ్ వచ్చినాది, కంపెనీలో తన వాటాలు కూడా ఉద్యోగుల కోసం పెట్టిన ట్రస్టుకి ఇచ్చీసినారు. అది ఇలువ అంటే.

కానీ ఏ కంపెనీ తీసుకున్నా, పెట్టినోడు ఎంత మంచోడైనా నీకు తగిలేది బ్రాంచి మేనేజరూ, కలెక్షన్ కుర్రోడూను. అందుకని ఆఫీసులో అడక్కు. ఆటోనగర్‌లో టైర్ల షాపుల కాడ, పంచర్ షెడ్డుల కాడ ఓ పూట నిలబడు. ఆ కంపెనీలో కొత్తగా లోను తీసుకున్నోణ్ణి అడిగితే లాభం లేదు, తీర్చీసినోణ్ణి పట్టుకో. ఆఖరి వాయిదా కట్టాక ఎన్‌ఓసీ, అదే బాకీ లేదని కంపెనీ ఇచ్చే కాగితం, ఎన్నాళ్లకి ఇచ్చినారో, లెక్కలో లేని బాకీ ఏదైనా చూపించినారో అడుగు. ఆడు చెప్పిందే లెక్క.

కళ్ల క్యాంపు సంగతి మాత్రం ఎగతాళి చెయ్యకండి. మా లారీల కాడ షామియానా ఏసి అక్షరాల అట్ట ఏలాడదీసి పెట్టినారొకసారి, మా డ్రైవర్లు టీ తాగీసి అట్నుంచటే జారుకున్నారు. చూపు లేదని రాసీస్తే లైసెన్సు పోద్దని భయం. మా క్లీనరు ఒక్కడూ ధైర్యంగా కూర్చుంటే ఊరికే కళ్లజోడు ఇచ్చినారు. రాత్రి ఎదురొచ్చే లైటు రెండుగా కనపడతాదని అప్పటిదాకా ఆడు ఎవరికీ చెప్పలేదు.

సాగరతీరం:

హెల్మెట్లు పంచి ఫొటో దిగితే దాతలు అయిపోరండీ. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 135 చదవండి, ఏడాదికి 5 కోట్ల లాభం వచ్చిన కంపెనీ ఏదైనా సరే గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టి తీరాలి. పైగా ఆ లాభం మన ఫ్లాట్ రేటు నుంచి వచ్చిందే.

పెందుర్తి అక్క:

చట్టం కోసం ఇచ్చినా మనసుతో ఇచ్చినా, కాలేజీ ఫీజు కట్టే రోజు ఆ తేడా కనపడదు తమ్ముడూ. మా ఆయన వ్యాన్ డ్రైవరు. మహీంద్రా ఫైనాన్స్ వాళ్లు డ్రైవర్ల పిల్లలకి సక్షమ్ అని స్కాలర్‌షిప్ ఇస్తారు, శ్రీరామ్ వాళ్లు కూడా డ్రైవర్ల పిల్లలకి ఇస్తారు. మనవాళ్లలో చాలామందికి ఇవి ఉన్నాయనే తెలీదు, తెలిసినవాళ్లు మార్కుల లిస్టు జిరాక్సులు పట్టుకుని తిరిగే ఓపిక లేక వదిలేస్తారు. బావమరిదికి పిల్లలుంటే లోను ఎక్కడ తీసుకున్నా ఇవి మాత్రం కనుక్కోండి.

ఇక ఎన్‌ఓసీ గురించి పైన పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. మా పాత బండికి (కంపెనీ పేరెందుకులెండి) వాయిదాలన్నీ అయిపోయాక ఎన్‌ఓసీ కోసం వెళ్తే సిస్టమ్‌లో 1,180 రూపాయలు చూపిస్తోంది, అది కడితేనే అన్నారు, ఏంటది అంటే కౌంటర్‌లో అమ్మాయికే తెలీదు. నేను కదలకుండా కూర్చుని స్టేట్‌మెంట్ మొత్తం ప్రింట్ తీయించాను, ఎప్పుడో బౌన్స్ అయిన వాయిదాకి రెండుసార్లు వేసిన ఛార్జీ అది. తీసేశారు. 2023 డిసెంబర్ 1 నుంచి పర్సనల్ లోన్లకి రూలేంటంటే బాకీ మొత్తం తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు ఇచ్చేసి వాళ్ల పేరు మీదున్న ఛార్జ్ (తాకట్టు హక్కు) తీసేయాలి, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మనకే ఇవ్వాలి. కమర్షియల్ బండి లోనుకి అది వర్తిస్తుందో లేదో మాత్రం ముందు కనుక్కోండి.

ఎన్‌ఓసీ వచ్చిందని బీరువాలో పెట్టేయొద్దు. ఫారం 35 మీద మనదీ ఫైనాన్స్ కంపెనీదీ ఇద్దరి సంతకాలూ చేయించుకుని మాధవధార ఆర్టీఓ ఆఫీసులోనో మీ గాజువాకలోనో ఇచ్చి ఆర్‌సీలో హెచ్‌పీ (బండి మీద ఫైనాన్స్ ఉందనే రాత) తీయించుకోవాలి, ఇన్సూరెన్స్ పాలసీలో కూడా వాళ్ల పేరు తీయించాలి. లేదంటే రేపు బండి మొత్తం పోయి క్లెయిమ్ వచ్చినా మన చేతికి రాదు, ఎవరి పేరుందో వాళ్ల దగ్గరికే పోతుంది.

మాజీ కలెక్షన్:

నేను కొన్నేళ్లు ఈ లైన్లోనే చేసి మానేశాను కాబట్టి రెండో వైపు నుంచి చెప్తాను. వాయిదా తేదీ మీవాడే ఎంచుకోవాలి. ఏస్ బండి వాళ్లకి షాపుల దగ్గర కిరాయి డబ్బులు చాలా వరకు నెల మొదటి పది రోజుల్లో వస్తాయి, 3వ తేదీ పెట్టుకుంటే అకౌంట్‌లో డబ్బు పడకముందే ఆటో డెబిట్ తగిలి బౌన్స్ అవుతుంది, అప్పుడు బ్యాంకు ఒకటి కోస్తుంది, ఫైనాన్స్ కంపెనీ ఒకటి వేస్తుంది. 10 తర్వాత పెట్టమనండి. లేటైతే వేసే పెనాల్టీ మీద మళ్లీ వడ్డీ వెయ్యకూడదని 2024 ఏప్రిల్ 1 నుంచి రూలుంది, స్టేట్‌మెంట్‌లో అది ఎలా వేశారో అప్పుడప్పుడు చూసుకోవాలి.

కష్టమొచ్చిన నెల ముందే ఫోన్ చేసి చెప్పేవాడికీ, ఫోన్ ఆపేసుకునేవాడికీ మా దగ్గర చాలా తేడా ఉండేది, ఇది ఏ పాంప్లెట్‌లోనూ ఉండదు. ముందే చెప్పినవాడి పేరు పక్కన తేదీ రాసుకుని మళ్లీ ఆ రోజే వెళ్లేవాళ్లం, ఫోన్ ఆపినవాడి ఫైలు నెలాఖరుకి సీజింగ్ వాళ్ల (బండి లాక్కెళ్లేవాళ్ల) చేతికి పోయేది. క్యాష్ ఇస్తే రసీదుతో పాటు అక్కడికక్కడే మెసేజ్ రావాలి, కలెక్షన్ వాడి సొంత నంబరుకి ఫోన్‌పే అస్సలు చెయ్యొద్దు.

సీజింగ్ విషయం. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్లు చెయ్యకూడదు. బండి తీసుకునే ముందు నోటీసు ఎన్నాళ్లు, ఏ సందర్భంలో నోటీసు లేకుండా తీసుకుంటారు, అమ్మే ముందు కట్టుకోవడానికి ఆఖరి అవకాశం ఎలా ఇస్తారు, ఇవన్నీ అగ్రిమెంట్‌లో రాసి ఉండాలి. ఆ పేజీ ఒక్కటైనా చదివి సంతకం పెట్టండి, దాని కాపీ తీసుకోండి. తేడా వస్తే ముందు కంపెనీకి రాతలో కంప్లైంట్, 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెప్తారు. ఇదంతా ఆర్‌బీఐ దగ్గర రిజిస్టర్ అయిన కంపెనీకే. ఊళ్లో సీ బుక్కు (ఆర్‌సీ) లాక్కుని, ఖాళీ చెక్కులు పెట్టించుకుని ఇచ్చే ప్రైవేటు ఫైనాన్సులు వేరే, వాటి జోలికి వెళ్లకపోతేనే నయం.

ఇక నీ సంగతి కుర్రోడా, ష్యూరిటీ అంటే సాక్షి సంతకం కాదు. కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం బాకీలో వాడికెంత బాధ్యతో నీకూ అంతే. కంపెనీ ముందు వాడిని అడిగి తర్వాతే నిన్ను అడగాలని ఏమీ లేదు. నీ సిబిల్‌లో (అప్పుల రికార్డులో) కూడా కనపడుతుంది, రేపు నువ్వు ఇంటి లోనుకి వెళ్తే బ్యాంకు వాడు ఇది అడుగుతాడు. పెట్టొద్దని కాదు, బావమరిది వాయిదా మెసేజ్ నీ ఫోన్‌కి కూడా వచ్చేలా రాయించుకుని పెట్టు.

కూర్మన్నపాలెం కుర్రోడు:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత రాస్తారనుకోలేదు. నిన్న మళ్లీ వెళ్లి కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడిగాను. మేనేజర్ ఒక నిమిషం మొహం చూసి లోపల్నుంచి ప్రింట్ తెప్పించాడు, మొదట ఇంగ్లీషులో, గట్టిగా అడిగితే తెలుగులో. ఏపీఆర్ 20.6 ఉంది! లోను ఇన్సూరెన్స్ తప్పనిసరా అంటే తప్పనిసరి కాదండీ అన్నాడు, తీసేయిస్తే 18.9కి దిగింది. మాస్టారి లెక్క చూపించి ఇంకాస్త తగ్గించమన్నాను, హెడ్డాఫీసుని అడిగి చెప్తానన్నాడు. ఇంకో కంపెనీలో కూడా ఇదే కాగితం అడిగాం, వాళ్లు సోమవారం ఇస్తామన్నారు. వాయిదా మెసేజ్ నా నంబరుకి కూడా పెడతామని ఇద్దరూ ఒప్పుకున్నారు, మా ఆవిడకి ఇంకా చెప్పలేదు, తన తమ్ముణ్ణి నమ్మట్లేదంటుంది.

ఇంకొక్క డౌటు. అమ్మేవాడి ఆర్‌సీ చూస్తే అందులో పాత ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా ఉంది. ఎప్పుడో తీర్చేశాను, ఎన్‌ఓసీ ఇంట్లో ఎక్కడో ఉంది, మీరు అడ్వాన్స్ 50 వేలు ఇస్తే వారంలో తీయించేస్తా అంటున్నాడు. పర్లేదా?

మాజీ కలెక్షన్:

పర్లేదు కాదు. హెచ్‌పీ ఉండగా ఆ ఫైనాన్స్ కంపెనీ రాతలో ఒప్పుకోకుండా బండి మీవాడి పేరు మీదకి మారదు. నిజంగా తీర్చేసుంటే ఎన్‌ఓసీ పోయినా ఆ కంపెనీ వాళ్లు డూప్లికేట్ ఇస్తారు, అది వాడి పని. ముందు హెచ్‌పీ తీయించి ఆర్‌సీ చూపించమనండి. ఇంకా బాకీ ఉందని తేలితే మీ కొత్త ఫైనాన్స్ వాళ్లే ఆ బాకీ నేరుగా పాత కంపెనీకి కట్టి మిగతాది వాడికి ఇచ్చేలా రాయించండి. ఈలోపు ఫిట్‌నెస్, పర్మిట్, చలాన్లు కూడా పరివాహన్ సైట్‌లో బండి నంబరు కొట్టి చూసుకోండి, అంతవరకు రూపాయి అడ్వాన్స్ ఇవ్వొద్దు.