నాలుగేళ్ల పాప ప్రయత్నించక ముందే "నాకు రాదు" అంటోంది

ప్రశ్న (ఒక తల్లి, ఖమ్మం):
మా పాప ఈ జూన్‌లో ఎల్‌కేజీలో చేరింది. గౌను గుండీలు పెట్టుకోమన్నా, పలక మీద గీతలు గీయమన్నా, చేయి కదపక ముందే "నాకు రాదు" అని నాకు ఇచ్చేస్తోంది. మేము కోప్పడేవాళ్లం కాదు. పైగా ఏం చేసినా "సూపర్, నువ్వు చాలా తెలివైనదానివి" అని చప్పట్లు కొడుతూనే ఉన్నాం. ఇంతగా మెచ్చుకుంటున్నా పాప ఎందుకు వెనకడుగు వేస్తోందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (ఇద్దరు పిల్లల తండ్రి, హైదరాబాద్):
నాకు "తెలివైనదానివి" అన్న మాట మీదే అనుమానంగా ఉందండీ. 1998లో క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు అయిదో తరగతి పిల్లలకు కొన్ని చిక్కు ప్రశ్నలు ఇచ్చి, కొందరిని తెలివైనవారని, మరికొందరిని బాగా శ్రమించారని మెచ్చుకున్నారు. తరువాత ఇచ్చిన కష్టమైన ప్రశ్నల దగ్గర అందరూ తడబడ్డారు. అప్పుడు ముందుగా పట్టు వదిలేసింది తెలివికి మెప్పు పొందినవారే. మీ పాప వారికన్నా చాలా చిన్నది కాబట్టి ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టుగా అన్వయించలేం గానీ, తప్పు చేస్తే ఆ పేరు పోతుందన్న భయం నాలుగేళ్లకూ ఉంటుందని మా బాబును చూశాక నాకు అనిపించింది.

సమాధానం (విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి):
అమ్మా, బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచడం మన ఇళ్లలో ఉన్నదే. అక్కడ పండుగ బిడ్డకు కొత్తగా వచ్చిన పనికే గానీ, పక్కింటి బిడ్డకన్నా ముందు నడిచినందుకు కాదు. బడిలో వేయగానే మనం ఆ పద్ధతి మరచిపోయి, పనిని వదిలి బిడ్డకు బిరుదులు ఇస్తున్నాం.

గుండీల సంగతే తీసుకోండి. మొదట గౌనును ఒంటి మీద కాకుండా ఒడిలో పరచి, పెద్ద గుండీలతో మొదలుపెట్టండి. అన్నీ మీరే పెట్టి, చివరి గుండీని కాజాలోకి సగం దూర్చి, మిగతా సగం పాపను లాగమనండి. ఆ పని పూర్తయిన సంతోషం పాపదే అవుతుంది. అది అలవాటయ్యాక చివరి రెండు గుండీలు వదలండి. 1907లో రోమ్‌లో పిల్లల బడి తెరిచిన మరియా మాంటిస్సోరి, గుండీలు, ముడులు అభ్యసించడానికి గుడ్డ బిగించిన చట్రాలనే పిల్లల చేతికి ఇచ్చారు. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకూ శిక్షణ ఇచ్చారు. మెచ్చుకునేటప్పుడు మీరు కళ్లారా చూసినదే చెప్పండి: "నిన్న ఒకటి పెట్టావు, ఈ రోజు రెండు పెట్టావు, మూడోది జారిపోయినా మళ్లీ పట్టుకున్నావు." వేళ్లకు పట్టు లేనట్టు అనిపిస్తే మాత్రం ఒకసారి పిల్లల వైద్యునికి చూపించండి.

ప్రశ్న అడిగిన తల్లి:
చాలా కృతజ్ఞతలు మేడమ్. ఉదయం ఏడున్నరకే బడి బస్సు వస్తుంది, ఆ తొందరలో మా అత్తయ్యగారు ముద్దుకొద్దీ అన్నీ తొడిగేస్తారు. ఆవిడ నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?

సమాధానం (విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి):
ఉదయం పూట ఆవిడనే తొడగనివ్వండి. సాయంత్రం బడి బట్టలు విప్పేటప్పుడు తొందర ఉండదు. పైగా గుండీ పెట్టడం కన్నా తీయడం తేలిక. "నానమ్మా, నేను తీస్తాను, చూడు" అని పాపనే ఆవిడ దగ్గరకు పంపండి.